పుస్తకంలో నాన్, ఇంట్లో నూన్: రెండు రకాల ఫార్సీ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

ఫార్సీ నేర్చుకుందామని మొదలుపెట్టినవాళ్లు, ఇరానీ స్నేహితులున్నవాళ్లు, ఇరానీ సినిమాలు చూసి ఆ భాష మీద ఇష్టం పెంచుకున్నవాళ్లు నన్ను మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలివి. ఫార్సీ మాటలన్నీ తెలుగు లిపిలోనే రాశాను. ఎ, ఒ కనిపించినచోట పొట్టిగా పలకండి. 'ఖ'ని గొంతులోంచి పలకాలి. ఫార్సీలో 'జ'కి దగ్గరగా ఉండే ధ్వనులు ఒకటికంటే ఎక్కువ ఉన్నాయి, అన్నిటికీ 'జ'నే వాడాను.

ఇరానీయులు రాసే భాష, మాట్లాడే భాష నిజంగా అంత వేరా?

వేరే. నాకిది ఎలా తెలిసిందో చెప్తాను. హైదరాబాద్‌లో ఒక పాత పాఠ్యపుస్తకం పట్టుకుని నా అంతట నేనే ఫార్సీ మొదలుపెట్టాను. ఏడాది చదివాక, ఇక్కడ చదువుకోవడానికి వచ్చిన ఒక ఇరానీ అమ్మాయి పరిచయమైంది. సాయంత్రం బయల్దేరుతూ ఎంతో జాగ్రత్తగా "మన్ బె ఖానె మీరవమ్" అన్నాను. 'నేను ఇంటికి వెళ్తున్నాను' అని. వ్యాకరణం ప్రకారం ఒక్క తప్పు కూడా లేదు. ఆ అమ్మాయి ఒక్క క్షణం ఆగి, "చాలా బాగా చెప్పారండీ, కానీ మా ఇంట్లో ఎవరూ ఇలా అనరు. వార్తలు చదివేవాళ్లు అంటారు" అంది. తర్వాత తను ఎలా అంటుందో చెప్పింది: "మన్ మీరమ్ ఖూనె."

ఆ చిన్న వాక్యంలో ఎన్ని మారాయో చూడండి. 'మీరవమ్' కుదించుకుని 'మీరమ్' అయింది. 'ఖానె' (ఇల్లు) కాస్తా 'ఖూనె' అయింది. 'బె' (కి) అనే మాట పూర్తిగా పోయింది. క్రియ ముందుకొచ్చి ఇల్లు చివరికి వెళ్లింది. పలుకుబడి ఒక్కటే మారితే యాస అనుకోవచ్చు. ఇక్కడ వాక్యం కట్టే పద్ధతే మారింది.

మరికొన్ని జంటలు. 'చెప్తాను' అనడానికి పుస్తకంలో మీగూయమ్, నోట్లో మీగమ్. 'కావాలి' అనడానికి మీఖాహమ్, మీఖామ్. 'అవుతుంది'కి మీషవద్, మీషె. 'బాగుంది' పుస్తకంలో ఖూబ్ అస్త్, ఇంట్లో ఖూబె. 'అయితే, ఒకవేళ' అనే అర్థమున్న అగర్ ఇంట్లో అగె. 'పుస్తకాన్ని' అనాలంటే రాతలో కెతాబ్ రా, మాటలో కెతాబొ. ప్రశ్న అడగడానికి రాతలో వాక్యం ముందు 'ఆయా' పెడతారు. మాటలో అది ఉండదు, గొంతు పైకి లేస్తే చాలు.

మాటలో ఉండి పాత పుస్తకాల్లో కనిపించని సంపద కూడా ఉంది. "దారమ్ మీరమ్" అంటే 'ఇదిగో, వెళ్తూ ఉన్నాను' అని. ఇది నోటి నుంచి పుట్టి మెల్లగా రాతలోకి పాకిన వాడుక. 'ఆ కుర్రాడు' (మనకి ముందే తెలిసినవాడు) అనడానికి 'పెసర్' చివర ఒక్క ఎ చేర్చి 'పెసరె' అంటే సరిపోతుంది. రాసే ఫార్సీకి ఈ సౌకర్యం లేదు.

ఆన్ ఉన్నచోటల్లా ఊన్ అనేస్తే సరిపోతుందా?

సరిపోదు. నాన్ (రొట్టె) నూన్ అవుతుంది, తెహ్రాన్ తెహ్రూన్ అవుతుంది, ఆస్మాన్ (ఆకాశం) ఆసెమూన్ అవుతుంది, బాదామ్ బాదూమ్ అవుతుంది. కానీ ఖురాన్ పేరులో ఆ మార్పు రాదు. 'జహాన్' (ప్రపంచం) రాదు. ఇరాన్ అనే పేరు కూడా ఎక్కువమంది నోట అలాగే నిలుస్తుంది. వంటింట్లో, వీధిలో తిరిగే మాటలు మారాయి. పెద్దరికం ఉన్న మాటలు చాలావరకు మారలేదు. ఈ గీత ఎక్కడుందో ఏ వ్యాకరణ పుస్తకమూ పూర్తిగా చెప్పలేదు, వినగా వినగా చెవికి పడుతుంది.

ఈ రెండింటికీ ఇరానీయులు ఏ పేర్లు పెట్టుకున్నారు?

రాసేదాన్ని 'కెతాబీ' అంటారు, అంటే పుస్తకాలది. మాట్లాడేదాన్ని 'మొహావెరెయీ' అంటారు, సంభాషణది. నాకు బాగా నచ్చిన పేరు మూడోది: 'ఖొదెమూనీ'. 'మనది', 'మనలో మనం మాట్లాడుకునేది' అని అర్థం. ఆ మాటలోనే ఆన్ పోయి ఊన్ వచ్చింది, గమనించారా? తన పేరుని కూడా ఇంటి ఉచ్చారణలోనే పెట్టుకున్న భాష అది.

మాట్లాడే రూపాన్ని ఉన్నదున్నట్టు రాస్తే 'షెకస్తె' రాశారంటారు. షెకస్తె అంటే విరిగినది. గొలుసుకట్టుగా, వేగంగా రాసే ఒక ఫార్సీ చేతిరాతకి కూడా ఇదే పేరు. దక్కన్‌లో పాత భూమి కాగితాలు చూసినవాళ్లకి 'షికస్తా' రాత చదవడం ఎంత కష్టమో తెలుసు. విరిగినది అనే పేరు వల్ల మాట్లాడే ఫార్సీ ఏదో చెడిపోయిన సరుకు అనే అభిప్రాయం కలుగుతుంది. నాకు ఆ పేరు మీద ఉన్న అభ్యంతరం అదే. భాష విరగలేదు, నడిచింది.

అయితే ఇది మన గ్రాంథికం, వ్యావహారికం గొడవ లాంటిదేనా?

పోలిక ఉంది, కానీ కథ వేరేగా నడిచింది. గిడుగు రామమూర్తి (1863–1940), గురజాడ లాంటివాళ్ల పోరాటం తర్వాత మనం 'వచ్చుచున్నాడు'ని వదిలి 'వస్తున్నాడు'కి వచ్చేశాం. ఇవాళ పేపరు, పాఠ్యపుస్తకం, టీవీ అన్నీ ఇంచుమించు ఒకే తెలుగులో ఉన్నాయి. ఇరాన్‌లో ఆ బదిలీ జరగలేదు. అక్కడి పేపరు ఇప్పటికీ 'మీరవద్' (వెళ్తాడు) అనే రాస్తుంది, దాన్ని గట్టిగా చదివి వినిపించిన తండ్రి తన మాటల్లోకి రాగానే 'మీరె' అంటాడు.

నవలల్లో మాత్రం మనకి తెలిసిన ఏర్పాటే ఉంది. కథ చెప్పేది కెతాబీలో, పాత్రలు మాట్లాడేది ఖొదెమూనీలో. మన తొలినాటి కథకులు కొందరు కథనం గ్రాంథికంలో, సంభాషణ వాడుకలో రాసినట్టే.

ఎందుకు వదులుకోలేదు అని అడిగితే నా సమాధానం ఒక్కటే: వాళ్ల పుస్తకాల భాష చచ్చిపోలేదు. మన గ్రాంథికం ఇవాళ్టి పిల్లవాడికి వేరే భాషలా అనిపిస్తుంది. ఫార్సీ కవి సాదీ 1258లో రాసిన 'గులిస్తాన్'ని ఇవాళ్టి ఇరానీ హైస్కూల్ విద్యార్థి కొద్దిపాటి సాయంతో చదివి అర్థం చేసుకోగలడు. ఏడువందల అరవై ఏళ్ల కిందటి వచనం! ఆ దారిని మూసేసుకోవాలని ఎవరికనిపిస్తుంది?

పిల్లలకి ఈ తేడా ఎప్పుడు తెలుస్తుంది?

ఒకటో తరగతిలో. ఇరాన్‌లో కొన్ని తరాలవాళ్లు అక్షరాలు నేర్చుకున్న తొలి వాక్యాలు "బాబా ఆబ్ దాద్", "బాబా నాన్ దాద్". నాన్న నీళ్లిచ్చాడు, నాన్న రొట్టె ఇచ్చాడు. మన 'అమ్మ, ఆవు' ఎలాగో వాళ్లకివి అలాగ. ఎవరినడిగినా ఆ పేజీ కళ్లముందు కనిపించినట్టే చెప్తారు.

ఇప్పుడు ఆ పిల్ల వైపు నుంచి చూడండి. ఆరేళ్లుగా ఇంట్లో 'నూన్' తింటోంది. పొద్దున్నే వాళ్ల నాన్న వీధి చివర నాన్వా (రొట్టెలు కాల్చేవాడు) దగ్గర వరసలో నిలబడి తెచ్చేది నూన్. బళ్లో పలక మీద న, ఆ, న అని మూడక్షరాలు రాసి టీచరు 'నాన్' అని చదివిస్తుంది. తను తినేదీ, తను చదివేదీ ఒకటే అని ఆ పిల్ల ఎవరూ చెప్పకుండానే సర్దుకుంటుంది. ఆ రోజు నుంచి బతికినంతకాలం ఆ రెండు మాటలూ పక్కపక్కనే ఉంటాయి. ఎక్కడ ఏది అనాలో మళ్లీ ఎవరూ నేర్పక్కర్లేదు.

కవిత్వానికీ దీనికీ ఏమిటి సంబంధం? ఇరానీయులు మాటకి ముందు పద్యం చదువుతారట కదా?

చదువుతారు, సంబంధం అంతా అక్కడే ఉంది. యల్దా రాత్రి (చలికాలంలో అతి పొడుగైన రాత్రి) కుటుంబమంతా దానిమ్మగింజలు, పుచ్చకాయ ముందు పెట్టుకుని కవి హాఫిజ్ దీవాన్ (పద్యాల సంపుటి) తెరిచి 'ఫాల్' చూస్తారు. అనుకోకుండా తెరుచుకున్న పేజీలో ఏ గజల్ వస్తే అదే జాతకం. హాఫిజ్ షీరాజ్‌లో పోయి ఆరువందల ఏళ్లు దాటింది. ఆ గజల్ చదువుతున్నప్పుడు గదిలో కెతాబీ, చదవడం ఆపి "అంటే నీకు ఉద్యోగం వస్తుందన్నమాట" అని వ్యాఖ్యానం మొదలవగానే ఖొదెమూనీ.

సాదీ గులిస్తాన్ ముందుమాటలో ఒక ప్రసిద్ధమైన పద్యం ఉంది. మబ్బు, గాలి, చంద్రుడు, సూర్యుడు, ఆకాశం అన్నీ పనిలో ఉన్నాయి, నీ చేతికి ఒక రొట్టె అందడానికి, దాన్ని నువ్వు ఏమరుపాటుగా తినకుండా ఉండడానికి అని. అందులో రొట్టెకి 'నానీ' అని ఉంటుంది. రొట్టెముక్క పారేస్తున్న మనవడికి అమ్మమ్మ ఈ పద్యం చెప్పేటప్పుడు 'నూనీ' అనదు, 'నానీ' అనే అంటుంది. పద్యం అయిపోగానే "నూనెత్ రో బొఖొర్" (నీ రొట్టె తిను) అంటుంది. ఒకే ఊపిరిలో నాన్, నూన్. పద్యాన్ని ఎవరూ విరవరు. ఏ చదువూ లేని మనిషికి కూడా అది తెలుసు.

ఏడో శతాబ్దంలో అరబ్బుల పాలన వచ్చాక ఈజిప్టు, సిరియా లాంటి దేశాలు మెల్లగా అరబ్బీ మాట్లాడే దేశాలయ్యాయి. ఇరాన్ మతం మార్చుకుంది, లిపి మార్చుకుంది, వేల అరబ్బీ మాటలు తీసుకుంది, కానీ భాషని వదల్లేదు. తూస్ ఊరివాడైన ఫిర్దౌసీ 1010 ప్రాంతంలో పూర్తిచేసిన షానామా మీద ఇరానీయులకున్న భక్తి అక్కడి నుంచి వచ్చింది. ఆ కావ్యాన్ని కాఫీ దుకాణాల్లో నిలబడి, చేతికర్ర ఊపుతూ కథగా చెప్పే 'నఖ్ఖాల్'లు ఉండేవాళ్లు. ఈ కళని యునెస్కో 2011లో తక్షణం కాపాడుకోవలసిన వాటి జాబితాలో చేర్చింది. నఖ్ఖాల్ పద్యాన్ని పద్యంగానే చెప్పి, మధ్యలో కథని జనం భాషలో నడిపిస్తాడు. మన హరికథ విన్నవాళ్లకి ఈ పద్ధతి వెంటనే అర్థమవుతుంది.

మాట్లాడే ఫార్సీ అంటే మర్యాద తక్కువా? పెద్దవాళ్లతో కెతాబీలో మాట్లాడాలా?

నేర్చుకునేవాళ్లు అందరూ పడే పొరపాటు ఇది. మర్యాద వేరు, కెతాబీ వేరు. మనకి నువ్వు, మీరు ఉన్నట్టే వాళ్లకి 'తొ', 'షొమా' ఉన్నాయి. 'నాన్నగారు వచ్చారు' అని మనం బహువచనం వాడినట్టే వాళ్లూ వాడతారు: 'బాబా ఊమదన్'. ఇందులో మర్యాద నిండుగా ఉంది, అయినా ఇది ఇంటి ఫార్సీయే. పుస్తకంలో అయితే 'ఆమదంద్' అని ఉండేది.

'తారోఫ్' అనే మర్యాదల వ్యవహారమంతా నడిచేది ఖొదెమూనీలోనే. టాక్సీ దిగి ఎంతయింది అని అడిగితే డ్రైవరు "ఘాబెల్ నదారె" అంటాడు. 'మీ ముందు దానికి విలువేముందండీ' అని. అంటే డబ్బులివ్వొద్దని కాదు, మీరు ఒకటికి రెండుసార్లు అడగాలి, ఇవ్వాలి. వెళ్లిన పెళ్లి గురించి చెప్తూ "జాత్ ఖాలీ" అంటారు: 'నీ చోటు ఖాళీగా ఉండిపోయింది'. మన ఖాళీయే అది. పని చేస్తున్న ఎవరి పక్క నుంచి వెళ్లినా "ఖస్తె నబాషీన్" అంటారు, 'మీకు అలసట రాకూడదు' అని. ఇంతకన్నా మంచి పలకరింపు నేనే భాషలోనూ వినలేదు.

ఇంట్లో మనిషితో ఉన్నట్టుండి కెతాబీలో మాట్లాడితే దాన్ని దూరం పెట్టడంగానే తీసుకుంటారు. కోపంలో ఉన్న భార్యాభర్తలు హఠాత్తుగా 'మీరు, గారు' అనుకోవడం మనకి తెలిసిందే.

అంటే చదువుకోనివాళ్ల భాష కాదన్నమాట?

కాదు. ప్రొఫెసర్లు, డాక్టర్లు, మంత్రులు అందరూ ఇంట్లో మీరమ్, మీగమ్ అనే అంటారు. వీధి కుర్రాళ్ల గూఢభాష వేరే ఉంది, దానితో దీన్ని కలపకండి.

జనం మాటని సాహిత్యంలోకి తెచ్చింది ఎవరు?

ముగ్గురి పేర్లు చెప్తాను.

మొదట దెహ్‌ఖొదా. 1906 రాజ్యాంగ ఉద్యమం తర్వాత, 1907–08లో 'సూర్-ఎ ఎస్రాఫీల్' పత్రికలో 'చరంద్ పరంద్' అనే శీర్షిక రాశాడు. రాజుల్నీ, పెద్దల్నీ బజారు మాటల్లో నిలదీశాడు. ఫార్సీకి అతిపెద్ద నిఘంటువు మొదలుపెట్టింది కూడా ఈయనే. వీధి నుడికారానికీ, నిఘంటువుకీ ఒకే మనిషి చెయ్యి అందించాడు.

తర్వాత జమాల్‌జాదె. 1921లో బెర్లిన్‌లో అచ్చయిన ఆయన కథల సంపుటిలో మొదటి కథ పేరు 'ఫార్సీ షెకర్ అస్త్', ఫార్సీ పంచదార అని. యూరప్ నుంచి ఓడ దిగినవాళ్లని రేవులో ఒక కొట్లో నిర్బంధిస్తారు. అక్కడ రమజాన్ అనే అమాయకుడు ఉంటాడు. తనని ఎందుకు పట్టుకున్నారో చెప్పమని పక్కనున్న షేక్‌ని అడిగితే ఆయన అరబ్బీ కలిపి ఏదో అంటాడు. ఫ్రెంచి చదువు చదివిన ఇంకొకణ్ణి అడిగితే సగం ఫ్రెంచిలో ఏదో అంటాడు. ఇద్దరికీ పిచ్చి పట్టిందేమోనని రమజాన్ బెదిరిపోతాడు. కథ చెప్పే మనిషి మామూలు ఫార్సీలో పలకరించగానే ప్రాణం లేచొస్తుంది. సొంత దేశంలో సొంత భాష అర్థం కాకపోతే మనిషికి ఎంత భయమో ఆ కొట్లో కనిపిస్తుంది. ఆధునిక ఫార్సీ కథ ఇక్కడే మొదలైందంటారు, నాకూ అలాగే అనిపిస్తుంది.

మూడోవాడు కవి అహ్మద్ షామ్‌లూ. జానపద గేయాల నడకలో పద్యాలు రాశాడు. 'కెతాబ్-ఎ కూచె' (వీధి పుస్తకం) పేరుతో సామెతలు, తిట్లు, ఆటపాటలు, నమ్మకాలు సంపుటాలుగా కూర్చాడు. మనం 'అనగనగా' అన్నట్టు వాళ్ల కథలు "యెకీ బూద్, యెకీ నబూద్" అని మొదలవుతాయి: 'ఒకడుండేవాడు, ఒకడు లేడు'. ఇలాంటివి పోకుండా చూడ్డానికే ఆయన అంత శ్రమపడ్డాడు.

'థాంక్స్' చెప్పడానికి ఫార్సీలో ఇన్ని మాటలెందుకు?

ఒక్కో మాట ఒక్కో కాలం నుంచి వచ్చింది. 'సెపాస్' అచ్చమైన పాత ఫార్సీ, ఉపన్యాసాల్లో, ఉత్తరాల్లో గంభీరంగా వినిపిస్తుంది. 'మొతషక్కెరమ్' అరబ్బీ నుంచి వచ్చింది, ఆఫీసులో, దుకాణంలో మర్యాదగా ఉంటుంది. 'మెర్సీ' ఫ్రెంచి మాట, టెహ్రాన్‌లో పొద్దుణ్నుంచి రాత్రిదాకా అందరూ అనేది ఇదే. ఇంట్లో కాఫీ చేతికిచ్చిన వదినతో అనేది మాత్రం "దస్తెత్ దర్ద్ నకొనె", 'నీ చెయ్యి నొప్పి పెట్టకూడదు' అని.

వీటిలో ఏది 'అసలైన' ఇరానీ మాట అనే చర్చ వందేళ్ల నుంచి ఉంది. 1935లో మొదటి ఫర్హంగెస్తాన్ (భాషా అకాడమీ) పెట్టి అరబ్బీ, యూరప్ మాటలకి బదులు కొత్త మాటలు కట్టారు. విదేశాలు తమని 'పర్షియా' అనకుండా 'ఇరాన్' అనే పిలవాలని ప్రభుత్వం కోరింది కూడా ఆ ఏడాదే. అప్పటి మాటల్లో విశ్వవిద్యాలయానికి 'దానెష్‌గాహ్', విమానాశ్రయానికి 'ఫొరూద్‌గాహ్', పురపాలక సంఘానికి 'షహర్‌దారీ' లాంటివి ఎంతగా కలిసిపోయాయంటే అవి కట్టిన మాటలని ఎవరికీ గుర్తులేదు. ఇప్పటి అకాడమీ ఇచ్చినవాటిలో ఎస్సెమ్మెస్‌కి 'పయామక్' జనంలోకి దిగిపోయింది. హెలికాప్టర్‌కి 'బాల్‌గర్ద్' వార్తల్లో వినిపిస్తుంది, ఇంట్లో ఇంకా హెలికోప్టరే. ఏ మాట నిలుస్తుందో చివరికి వంటింట్లో తేలుతుంది.

ఫోన్లలో మెసేజ్‌లు ఏ ఫార్సీలో రాస్తారు?

నూటికి తొంభైపాళ్లు మాట్లాడినట్టే అనుకోండి. ఇక్కడ 'హెకస్రె' అని ఒక పెద్ద తలనొప్పి ఉంది. 'నా పుస్తకం' అనాలంటే 'కెతాబ్-ఎ మన్'. ఆ మధ్యలో ఉన్న ఎ పలుకుతారు కానీ రాయరు. 'పుస్తకమే ఇది' అనాలంటే నోట్లో 'కెతాబె', దీన్ని చివర హె అక్షరంతో రాస్తారు. వినడానికి రెండూ ఒకటే. దాంతో రాయకూడనిచోట కూడా హె పెట్టేస్తున్నారు. అది చూసి భాషాభిమానులు పడే బాధ అంతా ఇంతా కాదు. కానీ కారణం బద్ధకం కాదు. మాట్లాడే ఫార్సీని ఎలా రాయాలో బళ్లో ఎవరూ నేర్పలేదు. జనం తమకి తోచినట్టు రాసుకుంటున్నారు.

అందరిదీ టెహ్రాన్ యాసేనా? ఇరాన్‌లో అందరి మాతృభాషా ఫార్సీయేనా?

రెండూ కాదు. టీవీలో, సినిమాలో వినేది టెహ్రాన్ మాట కాబట్టి అదే ఖొదెమూనీ అనుకుంటాం. ఇస్ఫహాన్‌లో 'ఖూబె'ని 'ఖూబెస్' అంటారు. షీరాజ్, యజ్ద్, మష్‌హద్ ఎవరి పలుకు వారిదే.

ఇక అజర్‌బైజానీ తుర్కీ, కుర్దీ, గీలకీ, లొరీ, బలూచీ, అరబ్బీ ఇళ్లలో పుట్టినవాళ్లు కోట్లమంది. వాళ్ల పిల్లలకి 'నాన్'తో పాటు 'నూన్' కూడా బయటి నుంచి వచ్చిందే. రాజ్యాంగంలో 15వ అధికరణ ఫార్సీని అధికార భాషగా పెట్టి, ప్రాంతీయ భాషల సాహిత్యం బళ్లో నేర్పడానికి అనుమతినిచ్చింది. ఆ అనుమతి ఆచరణలోకి రాలేదనే ఫిర్యాదు ఏళ్ల తరబడి ఉంది, అందులో న్యాయముంది. తబ్రీజ్ కవి షహ్రియార్‌ని చూడండి. ఫార్సీ గజళ్లతో దేశమంతా పేరు తెచ్చుకున్నాడు. 1954లో తన పల్లె పక్కనున్న కొండని పలకరిస్తూ రాసిన 'హైదర్ బాబాకు సలాం' మాత్రం తల్లి మాట్లాడిన తుర్కీలో రాశాడు. ఆయన పోయిన రోజునే ఇరాన్ ఫార్సీ సాహిత్య దినంగా జరుపుకుంటుంది. ఇరానీ అనిపించుకోవడానికి ఒకే భాష ఉండాలనేవాళ్లకి ఈయన ఒక్కడు చాలు.

దరీ, తాజికీ వేరే భాషలా?

కెతాబీలో చూస్తే ఒకటే భాష, ఖొదెమూనీలో చూస్తే ముగ్గురు అన్నదమ్ములు. రొట్టెని టెహ్రాన్‌లో నూన్ అంటారు, కాబూల్‌లో నాన్ అంటారు, తజికిస్తాన్ రాజధాని దుషంబేలో నోన్ అంటారు. అఫ్ఘానిస్తాన్ 1964 రాజ్యాంగంలో ఈ భాషకి 'దరీ' అని పేరు పెట్టారు. తజికిస్తాన్‌లో సోవియట్ కాలంలో ముందు లాటిన్ లిపి, 1940 నుంచి సిరిలిక్ లిపి వచ్చాయి. దాంతో ఒకే గజల్‌ని వినగలిగిన దుషంబే మనిషి, టెహ్రాన్ మనిషి ఒకరి ఉత్తరం ఒకరు చదవలేని స్థితి వచ్చింది.

మన తెలుగులోకి వచ్చింది ఏ ఫార్సీ?

నాకు బాగా ఇష్టమైన ప్రశ్న. కుతుబ్‌షాహీల కాలం (1518–1687) నుంచి నిజాముల దాకా దక్కన్‌లో దఫ్తరు భాష ఫార్సీ. 1880లలో హైదరాబాద్ రాజ్యంలో దాని స్థానం ఉర్దూకి వచ్చింది. ఆ మూడున్నర శతాబ్దాల్లో మనకి చేరిన ఫార్సీ పాత ఉచ్చారణతో వచ్చింది.

పూర్వం ఫార్సీలో దీర్ఘమైన ఏ, ఓ ధ్వనులు ఉండేవి. ఇరాన్‌లో కాలక్రమాన ఏ వెళ్లి ఈలో, ఓ వెళ్లి ఊలో కలిసిపోయాయి. అఫ్ఘానిస్తాన్, హిందూస్తాన్ ఫార్సీలో అవి అలాగే నిలిచాయి. అందుకే మనం 'రోజు' అంటాం, టెహ్రాన్ మనిషి 'రూజ్' అంటాడు. మన జోరు వాళ్ల జూర్. మన దోస్తు వాళ్ల దూస్త్. మన బేకారు వాళ్ల బీకార్, మన బేజారు వాళ్ల బీజార్. హైదరాబాద్‌లో షేర్ అంటే పులో సింహమో. టెహ్రాన్‌లో సింహమూ షీరే, పాలూ షీరే. ఆ తేడా వాళ్ల నోట పోయింది, మన దగ్గర, కాబూల్‌లో మిగిలింది.

ఆ ఇరానీ అమ్మాయికి ఒకసారి కాగితం మీద 'రోజు, దోస్తు, జోరు' రాసి చదివి వినిపించాను. "ఇది మా పాత కవుల నోట ఉండి ఉండాల్సిన మాట" అంది. మా అమ్మమ్మ పొద్దున్నే 'రోజూ ఇదే గొడవ' అన్నప్పుడల్లా పలికింది ఆ పాత ఓనే.

అర్థాలు మాత్రం జాగ్రత్త. దర్ఖాస్తు వాళ్లకి విన్నపం, కోరడం ఏదైనా సరే. సిఫారసు (సెఫారెష్) అంటే హోటల్లో ఆర్డరు కూడా. బందోబస్తు మాత్రం అనకండి, ఇప్పటి ఇరాన్‌లో 'బంద్ ఒ బస్త్' అంటే చాటుమాటు కుమ్మక్కు.

విదేశాల్లో పెరిగిన ఇరానీ పిల్లలకి ఏది వస్తుంది?

ఎక్కువమందికి నూన్ వస్తుంది, నాన్ రాదు. లాస్ ఏంజెలెస్‌లో పెరిగినవాళ్లు అమ్మతో గలగలా మాట్లాడతారు, హాఫిజ్ పేజీ తెరిస్తే ఆగిపోతారు. మెసేజ్‌లు ఇంగ్లీషు అక్షరాల్లో పెట్టుకుంటారు. అమెరికాలో తెలుగు పిల్లల్ని పెంచుతున్నవాళ్లకి ఈ బాధ నేను వివరించక్కర్లేదు. ఆ పిల్లల ఫార్సీని మాత్రం 'వంటింటి ఫార్సీ' అని తీసిపారేయకండి. సగం భాష వాళ్ల దగ్గరుంది, అదీ పుస్తకంలో దొరకని సగం.

నేను నేర్చుకోవాలంటే ఏది ముందు?

రెండూ కలిపే మొదలుపెట్టండి. ఒకటి అయ్యాక రెండోది అనుకుంటే నాలాగే ఏడాది తర్వాత వెనక్కి రావాలి. చదవడం, రాయడం కెతాబీలో. వినడం, మాట్లాడడం ఖొదెమూనీలో. హైదరాబాద్‌లో ఉంటే ఉస్మానియా విశ్వవిద్యాలయంలో, మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయంలో ఫార్సీ శాఖలున్నాయి. ఉర్దూ లిపి వచ్చినవాళ్లకి సగం పని అయిపోయినట్టే.

నా పద్ధతి ఇది. నోట్‌బుక్‌లో పేజీని మూడు నిలువు గళ్లు చేశాను. మొదటి గడిలో కెతాబీ, రెండో గడిలో ఇంట్లో వినిపించేది, మూడో గడిలో ఆ మాట తెలుగులో ఉంటే మనం అనేది. మైదాన్, మైదూన్, మైదానం. దొక్కాన్, దొక్కూన్, దుకాణం. మూడో గడి చాలా పేజీల్లో ఖాళీగా ఉండదు.

మాట్లాడేటప్పుడు ఏది అనాలో తెలియక టెన్షన్ పడితే 'షొమా' వాడుతూ ఇంటి ఫార్సీలో మాట్లాడండి. ఎనభయ్యేళ్ల పెద్దమనిషితో అయినా అది తప్పు కాదు. దుకాణంలోంచి బయటికి వచ్చేటప్పుడు గల్లాపెట్టె దగ్గరున్నాయనతో "ఖస్తె నబాషీన్" అనండి. ఆయన తలెత్తి "సలామత్ బాషీన్" అంటాడు, మీరు చల్లగా ఉండాలని.